షుగర్ పైన్ రైలు: పిల్లలకు ముచ్చటగా చూపించాల్సిన చరిత్రేనా?

ఫ్రీమాంట్ అమ్మ:
మొన్న కాలిఫోర్నియాలో యోసెమిటీ పార్కుకి వెళ్తూ ఫిష్ క్యాంప్ దగ్గర షుగర్ పైన్ ఆవిరి రైలు ఎక్కాం (షుగర్ పైన్ అంటే అక్కడ పెరిగే ఒక రకం పెద్ద పైన్ చెట్టు). కూత వినగానే పిల్లలు గంతులేశారు. నాకు మాత్రం మనసు ఒప్పలేదు. ఆ దారి మదీరా షుగర్ పైన్ కంపెనీ దుంగలు మోయడానికి వేసుకున్నది. 1899 నుంచి 1931 దాకా ఏడు ఇంజన్లు, వందకు పైగా దుంగల బండ్లు, 140 మైళ్ల పట్టాలతో ఆ కొండల్లోంచి దాదాపు 150 కోట్ల బోర్డ్ ఫీట్ల కలప తీశారు. బోర్డ్ ఫీట్ అంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న పలక. అడవిని అంతలా కోసిన రైలుని చూసి మురిసిపోవాలా?

లాలాగూడ రిటైర్డ్:
అమ్మా, నేను రైల్వే వర్క్‌షాప్ మనిషిని. అక్కడ నడిచే షే ఇంజన్ని దగ్గరికెళ్లి చూశారా? సిలిండర్లు మూడూ కుడి పక్కన నిలువుగా ఉంటాయి. బరువు సరితూగడానికి బాయిలర్‌ని ఎడమకి జరిపారు. కింద పొడవాటి షాఫ్ట్ తిరుగుతూ గేర్ల ద్వారా అన్ని చక్రాలకూ శక్తినిస్తుంది. అందుకే మామూలు ఇంజన్ జారిపోయే ఎత్తు కూడా మెల్లగా ఎక్కేస్తుంది. దీన్ని కనిపెట్టిన ఎఫ్రయిమ్ షే స్వయంగా మిషిగన్‌లో కలప వ్యాపారి. ఇంకో మాట, ఇప్పుడు నడిచే ఇంజన్లు మదీరా కంపెనీవి కావు, ట్వాలమీలోని వెస్ట్ సైడ్ లంబర్ కంపెనీవి. చెట్లు కొట్టమన్నది యజమానులు. ఇనుము మీద కోపం దేనికి?

ఫ్రెస్నో వాసి:
బాబాయ్ గారూ, యంత్రం గొప్పదే, కాదనను. కానీ ఆ యంత్రం వల్లే కదా అంతకుముందు చేరలేని లోయలు కూడా అందుబాటులోకి వచ్చాయి! షుగర్ పైన్ ఊళ్లో సామిల్లు, అక్కడి నుంచి మదీరా దాకా యాభై మైళ్లకు పైగా చెక్క కాలువ. కోసిన పలకల్ని నీళ్లలో వదిలితే కిందికి కొట్టుకొచ్చేవి. అసలు మదీరా ఊరు పుట్టిందే ఆ కాలువ చివర, 1876లో. స్పానిష్‌లో ఆ పేరుకి అర్థం కలపే. ఇక్కడ వేలమందికి అన్నం పెట్టింది కలపే, అదీ నిజమే. కానీ పెద్ద చెట్లన్నీ పోయిన చోట సన్నవి ఒత్తుగా మొలిచాయి. తర్వాత ఏళ్ల తరబడి మంటల్ని ఆర్పేస్తూ వచ్చారు, దాంతో కాలేదంతా పేరుకుపోయింది. 2017లో అక్కడే మొదలైన మంటకి రైల్‌రోడ్ ఫైర్ అనే పేరు పెట్టారు. 12 వేల ఎకరాలు కాలాయి. దగ్గర్లోని నెల్డర్ గ్రోవ్ అనే తోపులో ఎన్నో సెక్వోయాలు, అంటే వేల ఏళ్లు బతికే మహావృక్షాలు, చచ్చిపోయాయి.

లాలాగూడ రిటైర్డ్:
మంట సంగతి సరే, నరికిన లెక్కలో నెల్డర్ గ్రోవ్‌ని మాత్రం కలపకండి. అక్కడ సెక్వోయాలు నరికింది 1880లలో. అప్పటికి ఈ మదీరా షుగర్ పైన్ కంపెనీయే లేదు. ఆ పాపం ముందున్న కంపెనీ వాళ్లది.

ఫ్రీమాంట్ అమ్మ:
అంకుల్, అది ఒప్పుకుంటా. కానీ కంపెనీ పేరు మారింది, కొండలు అవే, కాలువ దారీ అదే. మరుసటి రోజు నెల్డర్ గ్రోవ్ కూడా వెళ్లాం. ఒక సెక్వోయా మొద్దు ఉంది, మా ఇంటి హాల్ అంత. పక్కన చెక్కిన గండ్లు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిల్లో పలకలు గుచ్చి, పైకెక్కి నిలబడి రంపం లాగేవాళ్లట, కింద మొదలు మరీ లావని. ఇంతా చేస్తే సెక్వోయా పెళుసు. పడగానే ముక్కలయ్యేది, చాలా కలప అక్కడే వదిలేసేవాళ్లు. మా పాప గండిలో చెయ్యి పెట్టి "ఇది ఎవరికి పనికొచ్చింది?" అంది. రైలు చూపించొద్దనడం లేదు నేను. రైలెక్కించిన వాళ్లు ఆ మొద్దు దగ్గరికి కూడా తీసుకెళ్లండి అంటున్నాను. కారులో దూరం పెద్దగా లేదు, రోడ్డు మట్టిది, వర్షం పడితే మానుకోండి.