శుభోదయం మెసేజ్‌లు ఆపేయాలా? మనసుకు రోజూ బలం ఇచ్చేది ఏది?

పటమట_వెంకట్:
విజయవాడ పటమటలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గొడవ మొదలైంది. నీళ్ల ట్యాంకర్, లిఫ్ట్ రిపేరు, మెయింటెనెన్స్ డబ్బుల కోసం పెట్టుకున్న గ్రూపు అది. ఉదయం అయిదున్నర నుంచే శుభోదయాలు మొదలవుతాయి. దుర్గమ్మ, ఏసుప్రభువు, గులాబీలు, నది మీద సూర్యుడు, కింద ఒక మంచి మాట. కమిటీ ఆపేయమంది. పెద్దవాళ్లు నొచ్చుకున్నారు, ఒకాయన గ్రూపులోంచే వెళ్లిపోయారు. ఆదివారం మీటింగ్‌లో తేల్చాలి, కార్యదర్శిని నేనే. నా మటుకు నాకు ఇంద్రకీలాద్రి ఎక్కి అమ్మవారిని చూసి వస్తేనే ఆ రోజు పని మీద ధ్యాస నిలుస్తుంది. ఫోన్‌లో చూస్తే అది రాదు. కానీ అందరూ కొండ ఎక్కలేరు కదా. మీరేమంటారు?

వన్‌టౌన్_రమణ:
మ్యూట్‌లో పెట్టుకోండి. దీనికి మీటింగ్ ఎందుకు?

కృష్ణలంక_సూరి:
ఆపేయాలి. ఆ ఫొటోల్లో సగం అబద్ధం. మా బంధువుల గ్రూపులో రోజూ ఒకటే వస్తుంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర సూర్యోదయమట. నిండా నీళ్లు, అవతల భవానీ ద్వీపం, నీటి మీద ఎర్రటి సూర్యుడు. బ్యారేజీకి ఎగువన నీళ్లు నిలిచేది పడమటి వైపు, భవానీ ద్వీపం ఉన్నదీ అటే. అక్కడ సూర్యుడు దిగుతున్నాడంటే అది సాయంత్రం. పొద్దున సూర్యుడు దిగువన వస్తాడు, అక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక తిన్నెలే. అస్తమయాన్ని తీసుకొచ్చి శుభోదయం అనే మనిషి నది ఒడ్డున ఎన్నడైనా నిలబడ్డాడా?

సత్యనారాయణపురం_శారద:
సూరి గారూ, ఫొటో ఏ పూటదైతే ఏమండీ? పంపిన మనిషి మనల్ని తలుచుకున్నారు, అది చాలదా?

నేను రిటైరైన టీచర్ని. మా వారు పోయాక మొదటి నెలంతా ఇంటినిండా జనం. తర్వాత ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు, అది సహజం. ఆ రోజుల్లో నాతో పనిచేసిన ఒకావిడ ప్రతి ఉదయం ఒక వాక్యం పంపేది. సొంతంగా రాసిందే. ‘శారదా, ఈ రోజు ఎండ తక్కువగా ఉంది, కిటికీ తీయి’ అని ఒకసారి రాసింది. లేచి తీశాను. అప్పటికి ఎన్ని రోజులుగా మూసి ఉందో, రెక్క బిగుసుకుపోయి రెండు చేతులతో నెట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను. మోకాళ్లు అరిగాయి, కొండ మెట్లు ఎక్కలేను. దీపం పెట్టి, పాలు పొయ్యి మీద పెట్టి, కళ్లజోడు తగిలించుకుని ఒక్కో అక్షరం కొడతాను. ఫార్వర్డ్ చేయను. దీన్ని చెత్త అంటే మాత్రం ఒప్పుకోను.

కృష్ణలంక_సూరి:
మేడమ్, మీరు సొంతంగా రాస్తారు, అది వేరు. నేనంటున్నది ఆ ఫొటో గురించి. అది సూర్యాస్తమయం.

బ్రాడీపేట_కిశోర్:
గుంటూరు నుంచి ఒక మాట. నాకు ఏ మాటా అక్కర్లేదు. సెలవు దొరికితే పొద్దున్నే బండి తీసి ఉప్పలపాడు వెళ్తాను. ఊరికి దగ్గర్లో చిన్న చెరువు. సీజన్‌లో చెట్ల మీదా, అటవీ శాఖ వేయించిన ఇనుప స్టాండ్ల మీదా గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ కిక్కిరిసి ఉంటాయి. గూడబాతు పిల్ల తల్లి గొంతులోకి ముక్కు దూర్చి చేప లాక్కుంటుంది. తల్లి కొంగ రెక్కలు కాస్త విప్పి పిల్లలకి నీడ పడుతుంది. గంట కూర్చుంటే చాలు, వారం రోజుల టెన్షన్ దిగిపోతుంది. కొంగ మనకి ఏ నీతీ చెప్పదు, ఏమీ అడగదు.

మంచి మాటలంటే నాకు ఎందుకు గిట్టదో కూడా చెప్తాను. మా అమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాం. గోడలనిండా సూక్తులు, ‘మానవ సేవే మాధవ సేవ’ ఇంతింత అక్షరాల్లో. దాని కిందే కౌంటర్. అడ్వాన్స్ కడితేనే స్కాన్ అన్నారు. ఏటీఎం వెతుక్కుంటూ అర్ధరాత్రి రోడ్ల మీద పరిగెత్తాను. ఆ రోజు నుంచి ఎవరైనా సూక్తి పెడితే ఆ కౌంటరే గుర్తొస్తుంది.

సత్యనారాయణపురం_శారద:
ఆస్పత్రి వాళ్ల పాపానికి నా శుభోదయం ఏం చేసింది నాయనా?

గుణదల_జోసెఫ్:
మా గుణదల కొండ మీదికి ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మేరీమాత ఉత్సవాలకి వచ్చేవాళ్లలో హిందువులు బోలెడుమంది. కొబ్బరికాయ కొడతారు, తలనీలాలు ఇస్తారు. అక్కడ ఎవరూ ఎవరికీ బోధించరు. పక్కన మెట్టెక్కలేని ముసలావిడ ఉంటే చెయ్యి అందిస్తారు. నాకు ఏడాదికి సరిపడా బలం అక్కడ దొరుకుతుంది. వెంకట్ గారూ, గ్రూపులోంచి వెళ్లిపోయిన ఆ పెద్దాయనని ఎవరైనా పలకరించారా?

పటమట_వెంకట్:
లేదండీ. మూడో అంతస్తులో ఉంటారు. సాయంత్రం వెళ్తాను.

సింగ్‌నగర్_రహీం:
జోసెఫ్ అన్న అడిగిందే అసలు ప్రశ్న. దాన్ని వదిలేసి సూర్యుడు ఎటు పొడిచాడని కొట్టుకుంటున్నారు.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్లు మా వీధిలోకి వచ్చాయి. మధ్యాహ్నానికి కింది వాటా మునిగింది. మేం, మా అత్త, ఇద్దరు పిల్లలు మేడ మీద. కరెంటు లేదు. ఫోన్‌లో ఛార్జింగ్ అడుగంటుతోంది. పాలపొడి అయిపోయింది, పడవ ఎవరిదైనా నంబరు ఉంటే పంపండని మా గ్రూపులో పెట్టాను. జవాబులు వచ్చాయి. ‘ధైర్యంగా ఉండండి.’ ‘దేవుడు చూసుకుంటాడు.’ చేతులు జోడించిన బొమ్మలు. పడవ నంబరు కోసం ఒక్కో మెసేజ్ తెరిచి చూస్తుంటే ఆ ఉన్న ఛార్జింగ్ కూడా అయిపోయింది. మర్నాడు పక్క మేడ కుర్రాళ్లు లారీ ట్యూబు మీద తేలుతూ వచ్చి పాలు, నీళ్లు ఇచ్చారు. వాళ్ల పేరు కూడా తెలియదు.

నేనూ నమాజు చేసేవాణ్ణే. అల్లా మీద నమ్మకం ఆ రాత్రి కూడా పోలేదు. ఆ నమ్మకంతోనే పిల్లల్ని పడుకోబెట్టాను. కానీ నా నమ్మకం నాది. ఇంకొకరు కదలకుండా కూర్చుని ‘దేవుడు చూసుకుంటాడు’ అని నాకు చెప్పడం వేరు.

వన్‌టౌన్_రమణ:
వాళ్లు మాత్రం ఏం చేస్తారు భాయ్, ఊరంతా అలాగే ఉంది ఆ రోజు.

కృష్ణలంక_సూరి:
వరదకీ శుభోదయానికీ ఏం సంబంధం? టాపిక్ మార్చకండి. ఫొటో సంగతి తేలలేదు.

సింగ్‌నగర్_రహీం:
మీకు సంబంధం కనపడదు సూరి గారూ. బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినా మీ కృష్ణలంకని నది ఒడ్డున కట్టిన రిటైనింగ్ వాల్ కాపాడింది. మా వైపు బుడమేరు కట్టకి మూడు గండ్లు పడ్డాయి, పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. పొడి నేల మీద నిలబడి నది ఫొటోల గురించి ఎంతసేపైనా మాట్లాడొచ్చు.

కృష్ణలంక_సూరి:
మాట జారకండి. ఆ గోడ లేనప్పుడు, 2009 అక్టోబర్ వరదకి మా ఇంట్లోకీ నీళ్లు వచ్చాయి. అమ్మని భుజాన వేసుకుని గట్టెక్కించింది నేను. నాకు నది అంటే ఏంటో మీరు చెప్పక్కర్లేదు.

ఆ ఫొటో ఎవరు పెడతారో అడిగారా? మా అన్నయ్య. హైదరాబాద్‌లో ఉంటాడు. రోజూ ఉదయం ఆ ఫొటో, కింద ‘తల్లిదండ్రులే ప్రత్యక్ష దైవాలు’. అమ్మకి ఇప్పుడు జ్ఞాపకం నిలవడం లేదు. ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసి, ‘పెద్దాడు బ్యారేజీ దాకా వచ్చాడురా, టిఫిన్ ఎక్కువ చేయించు’ అంటుంది. నా భార్య రెండు ఇడ్లీలు అదనంగా వేస్తుంది. పదింటి దాకా అమ్మ గుమ్మం వైపే చూస్తుంది. రోజూ ఇదే. అందుకే చెప్తున్నాను, అది సూర్యోదయం కాదు, వాడు ఇక్కడ లేడు, ఆ ఫొటో వాడు తీసింది కాదు.

గుణదల_జోసెఫ్:
సూరి అన్నా... ఇది ముందే చెప్పాల్సింది.

సింగ్‌నగర్_రహీం:
అన్నా, మీ ఇంటి సంగతి నాకు తెలియదు. గోడ గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మనిద్దరిదీ ఒకటే బాధ. మాట పంపేసి పని అయిపోయిందనుకునేవాళ్లతోనే మన పేచీ.

సత్యనారాయణపురం_శారద:
మీరిద్దరూ ఒకటైపోయారు, సంతోషం. కానీ నేను ఒప్పుకోలేను. మా అబ్బాయి డల్లాస్‌లో ఉన్నాడు. ఏడాదికోసారి రావడమే కష్టం. వాడు పంపే మాట కూడా లెక్కలోకి రాదంటే నా చేతిలో ఏముంటుంది? రాలేనివాళ్లు మాట తప్ప ఏం పంపగలరు? మీ అన్నయ్య రేపటి నుంచి అదీ ఆపేస్తే మీ అమ్మగారికి ఏం మిగులుతుంది సూరి గారూ?

కృష్ణలంక_సూరి:
నిజం మిగులుతుంది.

సత్యనారాయణపురం_శారద:
ఆ వయసులో ఆవిడ నిజంతో ఏం చేసుకుంటారు బాబూ? పదింటి దాకా ఆశ ఉంటోంది కదా.

బ్రాడీపేట_కిశోర్:
టీచర్ గారూ, పదింటి తర్వాత ఆవిడ పక్కన కూర్చునేది సూరి గారు. మీరు అన్నయ్య వైపు నుంచే చూస్తున్నారు.

సత్యనారాయణపురం_శారద:
అవును, చూస్తున్నాను. దూరంగా ఉన్న పిల్లలున్న తల్లిని, ఇంకెలా చూస్తాను?

సింగ్‌నగర్_రహీం:
అమ్మా, మీరు రోజూ రాస్తారు కదా. ఎవరైనా తిరిగి ‘ఈ రోజు ఏం బాగోలేదు’ అని రాస్తే ఏం చేస్తారు?

సత్యనారాయణపురం_శారద:
ఫోన్ చేస్తాను. ఎత్తకపోతే ఆటో మాట్లాడుకుని వెళ్తాను. అయోధ్యనగర్‌లో ఒకావిడ దగ్గరికి పోయిన నెలలో అలాగే వెళ్లాను, జ్వరంతో ఒక్కతే పడుకుని ఉంది.

సింగ్‌నగర్_రహీం:
మీలాంటివాళ్లు మా గ్రూపులో ఒక్కరున్నా చాలు. మీ మెసేజ్‌ల జోలికి నేను రాను.

పటమట_వెంకట్:
మూడో అంతస్తుకి వెళ్లొచ్చాను. ఆయనకి గుండె ఆపరేషన్ అయిందని కమిటీలో ఒక్కరికీ తెలియదు. తెల్లవారుజామున నిద్ర పట్టక, ఎవరైనా లేచి ఉన్నారేమో చూసుకోవడానికి శుభోదయం పెడుతున్నారట. మీటింగ్‌లో దీనికి వేరే గ్రూపు పెడదామని అడుగుతాను. అందులో చేరేవాళ్లు పక్కవాళ్లకి జవాబివ్వాలి, అంతవరకే షరతు.

కృష్ణలంక_సూరి:
మీ అపార్ట్‌మెంట్‌కి సరిపోతుంది. మా ఇంటికి సరిపోదు. శారద గారూ, మా అమ్మని చూస్తే మీరు అలా అనలేరు. వీలైతే ఒక రోజు పొద్దున్నే రండి.

సత్యనారాయణపురం_శారద:
తప్పకుండా వస్తాను. ఆవిడతో కూర్చుని టిఫిన్ కూడా తింటాను. మీ అన్నయ్యతో మాట్లాడమంటే మాట్లాడతాను, వచ్చి చూసిపొమ్మని గట్టిగా అడుగుతాను. మెసేజ్ ఆపేయమని మాత్రం చెప్పను.

కృష్ణలంక_సూరి:
ఆపమనే నేనంటాను. అయినా రండి.