4294967297కు ఫెర్మా పరీక్ష: పైథాన్‌లో 1, సీలో 0. ఏది నమ్మాలి?

ప్రశ్న (లెక్కలపిచ్చి):
2^32 + 1, అంటే 4294967297, ప్రధాన సంఖ్యా కాదా అని ఫెర్మా పరీక్ష పెట్టాను (ప్రధానమైతే శేషం 1 రావాలి). 2ను 4294967296వ ఘాతానికి పెంచి ఈ సంఖ్యతో భాగిస్తే పైథాన్‌లో శేషం 1 వస్తోంది. సీ భాషలో 64 బిట్ల అన్‌సైన్డ్ పూర్ణాంకం వాడి వరుసగా వర్గాలు చేస్తే 0 వస్తోంది. ఏది సరి? సంయుక్త సంఖ్యే అయితే కారణాంకాలను చేత్తో పట్టుకోవచ్చా?

శేషం_622:
1 సరైనదే. కానీ దాన్నిబట్టి ప్రధాన సంఖ్య అనుకోకండి. 2^32కు శేషం -1, కాబట్టి 2^64కు 1. మీ ఘాతం 64కు గుణిజం, ఇక 1 రాక తప్పదు. 2^(2^n) + 1 రూపంలోని ఫెర్మా సంఖ్యలన్నీ (మీదాంట్లో n = 5), ప్రధానమైనా కాకపోయినా, 2తో పెట్టిన ఈ పరీక్ష నెగ్గుతాయి.

సీ సంగతి: 4, 16, 256, 65536, 4294967296 వరకూ సక్రమమే. తర్వాతి వర్గం 2^64. అది 64 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య కన్నా సరిగ్గా ఒకటి ఎక్కువ, అందుకే 0 మిగులుతుంది. శేషం 4294967296 అయినప్పుడు తప్ప ఈ తేడా రాదు, కాబట్టి 2 బదులు 3 లాంటి వేరే సంఖ్యతో చూస్తే ప్రోగ్రాం బాగానే ఉన్నట్టుంటుంది. ఆ శేషం వస్తే వర్గం 1 అని విడిగా ఒక షరతు రాయండి.

ఇక్కడ పెట్టాల్సింది పెపిన్ పరీక్ష, ఫెర్మా సంఖ్య ప్రధానమో కాదో తేల్చేది. 3తో మొదలుపెట్టి, ప్రతిసారీ శేషం తీసుకుంటూ 31 సార్లు వర్గం చేయండి. ప్రధాన సంఖ్యయితే చివర 4294967296 రావాలి. వచ్చేది 10324303. కనుక సంయుక్తమే.

గుణిజాలబడి:
కారణాంకాలకు క్యాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. దీని ప్రధాన కారణాంకం ఏదైనా 128k + 1 రూపంలోనే ఉండాలి. 129, 385, 513 ప్రధానాలు కావు. 257 కుదరదు. తర్వాతది 641: 641 × 6700417 = 4294967297. ప్రధానమని గణితవేత్త ఫెర్మా నమ్మిన ఈ సంఖ్యను మరో గణితవేత్త ఆయిలర్ 1732లో విడగొట్టింది 641తోనే. ఆయన వాడింది 64k + 1. దాన్ని 1878లో 128కి పెంచింది గణితవేత్త ల్యూకా.

భాగహారం లేకుండా సరిచూడాలంటే: 641 = 5·2^7 + 1, కాబట్టి 641తో 5·2^7కు శేషం -1, దాని నాలుగో ఘాతం 5^4·2^28కు శేషం 1. అలాగే 641 = 5^4 + 2^4, అంటే 5^4 బదులు -2^4 పెట్టొచ్చు. పెడితే -2^32కు శేషం 1, అంటే 2^32 + 1కు శేషం 0. అయిపోయింది. ఇంత చక్కటి నిరూపణ అరుదు.

లెక్కలపిచ్చి:
ధన్యవాదాలండీ. 6700417 ఇంకా విడిపోదా? 257 ఎందుకు కుదరదు?

శేషం_622:
విడిపోదు. దాని వర్గమూలం 2588 దగ్గర. అంతలోపు 128k + 1 రూపంలోని ప్రధానాల్లో 257 పోగా మిగిలేవి నాలుగే: 641, 769, 1153, 1409. శేషాలు వరుసగా 44, 120, 334, 622.

257 విషయానికొస్తే, మీ సంఖ్యలోంచి 2 తీసేస్తే 4294967295 = 3 × 5 × 17 × 257 × 65537. ఈ అయిదింటిలో 3, 5, 17, 257, 65537 దేనితో 4294967297ను భాగించినా శేషం 2.