బెంగళూరు బాల్కనీలో గడ్డల పూలమొక్కలు: ఏవి పెట్టుకోవచ్చు?

డాబాతోట, మారతహళ్లి:
ఆన్‌లైన్‌లో తులిప్ గడ్డలు చూస్తుంటే మనసు లాగేస్తోంది. మాది తూర్పు బాల్కనీ, పదింటిదాకా ఎండ వస్తుంది. కొనమంటారా?

ఎర్రమట్టి, జయనగర్:
వద్దండి. తులిప్‌కి మూడు నెలలకు పైగా గట్టి చలి కావాలి, 9 డిగ్రీల లోపు. మన డిసెంబర్ చలి ఏ మూలకూ చాలదు. ఫ్రిజ్‌లో పెట్టి పూయించినా ఇక్కడ ఆ ఒక్కసారే. ఆ డబ్బుతో ఫుట్‌బాల్ లిల్లీ తెచ్చుకోండి, మీ ఎండ సరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో వాన తగలగానే మట్టిని చీల్చుకుని మొనదేలిన మొగ్గ లేస్తుంది. విచ్చుకుంటే పుప్పొడి తలలతో కేసరాలన్నీ బయటికి పొడుచుకొచ్చిన ఎర్రటి బంతి. ఎన్నేళ్లు చూసినా తనివి తీరదు.

సంపెంగతోట, కె.ఆర్.పురం:
వాసన కావాలంటే నేల సంపెంగ. హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ రకాల్లో ప్రజ్వల్ ఒంటి రెక్కలది, సువాసిని ముద్ద పువ్వు. మాలలకు ప్రజ్వలే బాగుంటుంది. కాకపోతే రోజంతా ఎండ కావాలి కాబట్టి డాబా మీద పెట్టండి.

డాబాతోట:
అమరిల్లిస్ కూడా ఇష్టమే. గడ్డ ఎలాంటిది చూసుకోవాలి, ఎంత లోతు పెట్టాలి?

ఎర్రమట్టి:
బొటనవేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. అడుగున మెత్తబడితే ఉచితంగా ఇచ్చినా వద్దు. మెడ, పై భాగం మట్టి బయటే ఉంచండి, పూర్తిగా పూడిస్తే కుళ్లుతుంది. ఎర్రమట్టిలో వర్మీకంపోస్ట్, ఇసుక కలపండి. నీళ్లు నిలవకపోవడమే ముఖ్యం.

వానచినుకు, విద్యారణ్యపుర:
పూలయ్యాక పచ్చని ఆకులు కోసేయకండి, వచ్చే ఏడాది పూతకు గడ్డకు బలం వాటినుంచే. చలికాలంలో ఫుట్‌బాల్ లిల్లీ ఆకులు పండి రాలిపోతే చచ్చిపోయిందని చాలామంది పారేస్తారు, ప్రాణం ఉసూరుమంటుంది. నీళ్లు ఆపి, కుండీని ఓ మూలన ఉంచండి చాలు.

ఇంకొకటి, వానాకాలంలో ఆకుల అడుగున చూస్తూ ఉండండి. నల్లటి ఒంటి మీద తెల్ల, ఎర్ర చుక్కల గొంగళిపురుగులు గుంపుగా చేరి రాత్రికి రాత్రే గడ్డదాకా తినేస్తాయి. కనబడిన వెంటనే చేత్తో ఏరేయడమే, గ్లవ్స్ వేసుకోండి.

సంపెంగతోట:
చిన్నపిల్లలు, కుక్కలు ఉంటే ఈ ఫుట్‌బాల్ లిల్లీ, అమరిల్లిస్ గడ్డలు అందకుండా ఉంచండి. విషం ఉంటుంది. ఉల్లిపాయల బుట్ట దగ్గర అసలు పెట్టవద్దు.

ఎర్రమట్టి:
మా ఫుట్‌బాల్ లిల్లీ కుండీ పిలకలతో నిండిపోయింది. జనవరిలో విడదీస్తాను, జయనగర్ వైపు వస్తే ఓ రెండు పట్టుకెళ్లండి.