డైనో కాగితంలో శక్తి ఏది, లాగుడు ఏది?

ప్రశ్న

మా మేనల్లుడు తన కేటీఎం ఆర్‌సీ 390కి సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ మార్పించి, ఇంజనును నడిపించే కంప్యూటర్ (ఈసీయూ)లో ఇంధన పట్టికను తిరగరాయించాడు. ఈ పనులకు ముందొకసారి, తర్వాతొకసారి బండిని డైనో (ఇంజను పవర్, టార్క్ కొలిచే యంత్రం) ఎక్కించారు. ఆ రెండు కాగితాలూ నా చేతికిచ్చి, తోటి బండివాళ్ల కోసం తెలుగులో నాలుగు ముక్కలు రాసిపెట్టమన్నాడు. నేను రాసింది ఇది:

“వెనుక చక్రం దగ్గర శక్తి 38.4 నుంచి 40.6 పీఎస్‌కు పెరిగింది. 4,500 ఆర్‌పీఎం వద్ద బలభ్రామకం 29 నుంచి 27 న్యూటన్ మీటర్లకు తగ్గింది. (ఇవి సవరించిన విలువలు.)”

చదివి, “మామయ్యా, బలభ్రామకం అంటే నా బండికి ఏదో జబ్బు చేసినట్టుంది” అన్నాడు. టార్క్‌కు, అంటే ఈ తిప్పే బలానికి, జనం నోట ఆడే తెలుగు మాట ఉందా?

భౌతికశాస్త్రం బోధించిన సభ్యురాలు

బలభ్రామకం తప్పు కాదండీ. భ్రమణం, భ్రామకం, చివరికి భ్రమ కూడా తిరగడం అనే ఒకే ధాతువు పిల్లలు. మీ వాక్యంలో నన్ను ఆపింది మొదటి మాట. పాఠ్యపుస్తకాల్లో శక్తి అంటే ఎనర్జీ, పవర్‌కు మాట సామర్థ్యం. అశ్వశక్తి పత్రికల్లో పాతుకుపోయింది, దాన్ని పెకలించమనను. ‘శక్తి’ అని విడిగా రాస్తే మాత్రం నాకు ట్యాంకులో పెట్రోలే గుర్తొస్తుంది.

1 పీఎస్ అంటే 75 కిలోల బరువును సెకనుకు మీటరు చొప్పున పైకెత్తగల సామర్థ్యం. అందులో వేగం ఉంది, టార్క్‌లో లేదు. తుప్పు పట్టిన నట్టు మీద స్పానర్ వేసి వేలాడితే, అది కదలకపోయినా టార్క్ ఉన్నట్టే. సామర్థ్యం మాత్రం సున్నా.

మరో సభ్యుడు

టార్క్ ఎద్దు, పవర్ గుర్రం. ఇంతకన్నా ఏం కావాలి?

సభ్యురాలు

వినడానికి బాగుంది కానీ, ఇవి రెండు జంతువులు కావండీ, ఒకే జంతువును రెండు రకాలుగా కొలవడం. న్యూటన్ మీటర్లను ఆర్‌పీఎంతో (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లతో) గుణించి 7,024తో భాగిస్తే పీఎస్ వస్తుంది. ఈ బండికి కంపెనీ చెప్పిన గరిష్ఠ టార్క్ 7,000 ఆర్‌పీఎం వద్ద 37 న్యూటన్ మీటర్లు, గరిష్ఠ సామర్థ్యం 9,000 వద్ద 43.5 పీఎస్. లెక్క వేసి చూడండి: 9,000 దగ్గర టార్క్ 34కు పడిపోయింది. అయినా చుట్లు పెరిగినందువల్ల సామర్థ్యం పైకే వెళ్లింది. మీ ఎద్దు అలసిపోతూనే గుర్రమైంది.

షెడ్డు నడిపే సభ్యుడు

మా దగ్గరికి వచ్చేవాళ్లెవరూ టార్క్ తగ్గిందని చెప్పరు. “ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు లాగడం లేదన్నా, గేరు దించాల్సి వస్తోంది” అంటారు. 4,500 దగ్గర పోయిందని మీరు రాసిన ఆ రెండు న్యూటన్ మీటర్లే ఈ ఫిర్యాదు. కొందరు “పికప్ లేదు” అంటారు. అది వేరు. లాగడం బరువు సంగతి, పికప్ వేగం పుంజుకునే సంగతి. మా ఊళ్లో ఉన్న రకం డైనో ఈ రెండోదాన్నే గమనిస్తుంది. బరువైన డ్రమ్ము మీద వెనుక చక్రాన్ని తిప్పి, ఆ డ్రమ్ము ఎంత త్వరగా వేగం పుంజుకుందో చూసి పీఎస్ కడుతుంది. ఇంజను ఆర్‌పీఎం తీగ తగిలించకపోతే అది టార్క్ గీత గీయనే లేదు.

ఇంతకీ ఆ కాగితాల మూలన చిన్న అక్షరాల్లో ఏముంది? ఎస్ఏఈ అనా, ఎస్‌టీడీ అనా? అంకెను ఏ గాలి ప్రమాణానికి లెక్కగట్టారో చెప్పే పేర్లవి.

ప్రశ్న అడిగిన సభ్యుడు

మొదటిదాని మీద ఎస్ఏఈ, రెండోదాని మీద ఎస్‌టీడీ. ఏదైనా ఒకటేననుకుని రెంటికీ ‘సవరించిన విలువ’ అని రాశాను. ఇంకో సందేహం: కంపెనీ 43.5 అంటే మొదటి కాగితంలోనే 38.4 ఉంది, మిగతాది ఏమైంది?

షెడ్డు నడిపే సభ్యుడు

రెండోది తేలిక. కంపెనీ అంకె క్రాంక్ (ఇంజను లోపల తిరిగే ఇరుసు) దగ్గరిది. గేర్‌బాక్సు, గొలుసు, టైరు తినగా మిగిలింది డైనో చూపిస్తుంది. దాన్ని నష్టమని రాయకండి. బంగారం కొట్లో తరుగు ఉన్నట్టు, ఇదీ తరుగే.

మొదటిదే అసలు చిక్కు. ఎస్ఏఈ లెక్క 25 డిగ్రీల గాలిని ప్రమాణంగా తీసుకుంటుంది. ఎస్‌టీడీ పదిహేనున్నర డిగ్రీల చల్లని గాలిని, కాస్త ఎక్కువ పీడనాన్ని తీసుకుంటుంది. అదే బండి, అదే పరుగు, అయినా ఎస్‌టీడీ అంకె సుమారు 4 శాతం పెద్దగా పడుతుంది. మీ 40.6ను ఎస్ఏఈలోకి దించితే 39 దగ్గర ఆగుతుంది. లాభం 2.2 కాదు, అర పీఎస్ పైచిలుకు. టైరులో గాలి, బండిని డైనో మీద కట్టే పట్టీలు బిగించిన తీరు మారినా ఆ మాత్రం తేడా వస్తుంది. 4,500 దగ్గర టార్క్ 27 అన్నదీ 26 అవుతుంది. అంటే పోయింది 2 కాదు, 3.

సభ్యురాలు

చూశారా, తప్పుదారి పట్టించింది ‘సవరణ’. రాజ్యాంగ సవరణ, ప్రూఫుల సవరణ అన్నప్పుడు ఉన్నదాన్ని సరిచేశారని చదువరి నమ్ముతాడు. ఇక్కడ దిద్దింది ఏ తప్పునూ కాదు. ఆనాటి గాలిలో వచ్చిన అంకెను మరో గాలికి మార్చి చెప్పారు, అంతే. ‘ప్రమాణ వాతావరణానికి మార్చిన విలువ’ అనండి, ఏ ప్రమాణమో కూడా రాయండి. లేదంటే సవరణ కాస్తా జుట్టుకు సవరం పెట్టినట్టే, పొడుగు కనిపిస్తుంది, పట్టుకుంటే ఊడివస్తుంది.

ప్రశ్న అడిగిన సభ్యుడు

తిరగరాశాను:

“వెనుక చక్రం దగ్గర అశ్వశక్తి 38.4 నుంచి సుమారు 39 పీఎస్‌కు చేరింది (రెండూ ఎస్ఏఈ ప్రమాణంలో). 4,500 ఆర్‌పీఎం దగ్గర టార్క్ 29 నుంచి 26కు పడింది. ఊళ్లో బండి మునుపటిలా లాగదు.”

నామవాచకం టార్క్‌నే ఉంచి, క్రియ తెలుగుది తీసుకున్నాను. అశ్వశక్తి విషయంలో అధ్యాపకురాలు క్షమించాలి. మేనల్లుడికి చదివి వినిపించాను. మాటల గురించి ఏమీ అనలేదు. పాత సైలెన్సర్ ఎక్కడ పెట్టామని వాళ్లమ్మను అడుగుతున్నాడు.