1950ల అమెరికా హైస్కూళ్లలో పిల్లలకు కారు ఎలా నేర్పేవారు? బండెక్కాక ఏం జరిగేదో చెప్పండి

పాతరోడ్డు (ప్రశ్న):
అమెరికా హైస్కూళ్ల డ్రైవింగ్ పాఠాల గురించి ఎక్కడ చదివినా "30 గంటలు క్లాసు, 6 గంటలు స్టీరింగ్" అన్న ఒక్క ముక్కే కనిపిస్తోంది. 1940ల చివరి నుంచి 1960ల మధ్యదాకా ఆ ఆరు గంటల్లో ఏం చేయించేవారు? అప్పటి బళ్లకు సీటు బెల్టు లేదు, చాలావాటికి పవర్ స్టీరింగ్ లేదు, గేర్ రాడ్ స్టీరింగ్ పక్కనే ఉండేది. పదహారేళ్ల పిల్లలు మొదట ఎక్కడ తడబడేవారు, పక్కన కూర్చున్న మాస్టారు దాన్ని ఎలా సరిచేసేవారు? చరిత్ర కొంచెం చాలు. కాళ్లూ చేతులూ ఏం చేసేవో కావాలి.

మూడుగేర్లు:
చరిత్ర రెండు ముక్కల్లో. 1934లో పెన్సిల్వేనియాలోని స్టేట్ కాలేజ్ అనే ఊళ్లో (ఊరి పేరే అది) ఎమోస్ నేహార్ట్ అనే ప్రొఫెసర్ తన సొంత గ్రాహం-పెయిజ్ కారుతో హైస్కూలు పిల్లలకు నేర్పడం మొదలుపెట్టారు. మీరన్న 30, 6 గంటల లెక్క 1949లో వెస్ట్ వర్జీనియాలోని జాక్సన్స్ మిల్‌లో జరిగిన జాతీయ సమావేశంలో ఖాయమైంది. స్కూళ్లకు కార్లు చాలాచోట్ల డీలర్లే అరువిచ్చేవారు.

ఇక బండి. స్టీరింగ్ ఎడమ పక్క ఉంటుంది, మాస్టారు కుడి సీట్లో. ఆయన కాళ్ల దగ్గర అదనంగా ఒక బ్రేక్, ఒక క్లచ్ పెడల్. యాక్సిలరేటర్ ఉండదు, అక్కర్లేదు కూడా.

మొదటి పాఠంలో బండి కదలదు. సీటు ముందుకు జరిపి, క్లచ్ పూర్తిగా నేలకు తొక్కినా మోకాలు కాస్త వంగే ఉందో లేదో చూడాలి. పొట్టి పిల్లలకు వీపు వెనక దిండు పెట్టేవారు, ఎందుకంటే సరిపడా ముందుకు జరగని బెంచి సీటు మీద అంచున కూర్చుని నడిపితే స్టీరింగే పట్టుకొమ్మ అయిపోతుంది. తరవాత తలుపులు, అద్దాలు, హ్యాండ్‌బ్రేక్. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో కంటితో కాదు, రాడ్‌ని మనవైపుకూ అవతలికీ కదిపి తెలుసుకోవాలి. స్టార్టర్ కూడా బండికో చోట. కొన్నిటికి డాష్ మీద బటన్, కొన్నిటికి తాళం. బ్యూక్‌లో యాక్సిలరేటర్ తొక్కితేనే స్టార్టర్ తిరిగేది.

పిల్లాడు కంగారులో యాక్సిలరేటర్ నాలుగుసార్లు పంపు కొడితే ఇంజిన్‌లోకి పెట్రోలు ఎక్కువై పట్టదు. వాసన వస్తుంది. అప్పుడు చోక్ (ఇంజిన్‌కు గాలి తగ్గించే పలక) పూర్తిగా తెరిచి, యాక్సిలరేటర్ నేలకు తొక్కి అలాగే ఉంచి స్టార్టర్ తిప్పాలి. మళ్లీ పంపు కొడితే ఇంకా ముదురుతుంది.

ఇప్పుడు గేర్లు. రాడ్ స్టీరింగ్‌కి కుడిపక్క. మీవైపు లాక్కుని కిందికి దించితే ఫస్టు. మీవైపే ఉంచి పైకెత్తితే రివర్స్. అవతలికి వదిలి పైకి నెడితే సెకండు, అక్కణ్నించి తిన్నగా కిందికి థర్డు. అందరూ తప్పేది ఫస్టు నుంచి సెకండుకు వెళ్లేటప్పుడే. గుప్పిట బిగించి పట్టుకుంటే రాడ్ మనవైపే ఉండిపోతుంది, పైకెత్తగానే రివర్స్ పళ్ల మీదికి పోయి గరగరమంటుంది. అందుకని ఫస్టుకూ రివర్స్‌కూ వేళ్లతో లాగమనీ, సెకండుకు అరచేతిని విప్పి, చెయ్యి డాష్‌బోర్డు వైపు తిప్పి తొయ్యమనీ నేర్పేవారు. న్యూట్రల్‌కి రాగానే లోపలి స్ప్రింగే రాడ్‌ని అవతలికి తీసుకుపోతుంది, చెయ్యి దానికి అడ్డం రాకుంటే చాలు. ఇంజిన్ ఆపేసి ఇదే ముప్పై నలభై సార్లు చేయిస్తే మిగతా పాఠాలన్నీ తేలికవుతాయి. (లింకేజి, అంటే రాడ్‌ని గేరు బాక్సుకు కలిపే కడ్డీలు, అరిగిన బళ్లలో ఫస్టుకూ సెకండుకూ మధ్య ఇరుక్కుపోవడం వేరే జబ్బు. దానికి బానెట్ ఎత్తి చేత్తో సర్దాల్సిందే, పిల్లాడి తప్పు కాదు.)

క్లచ్ వదిలేటప్పుడు చెవితో పట్టుకోవాలి. ఇంజిన్ శబ్దం కొంచెం తగ్గి, బానెట్ ఒక వేలెడు లేస్తుంది. అక్కడ పాదం ఆపి, కాస్త రేజ్ ఇచ్చి, బండి నడక వేగం అందుకున్నాక మిగతాది వదలాలి. పాదం ఆపకుండా వదిలేస్తే కుదుపులు. ఆ కుదుపులకు యాక్సిలరేటర్ మీద కాలు కూడా ఊగి వాటిని రెట్టింపు చేస్తుంది. మందు ఒక్కటే, క్లచ్ మళ్లీ తొక్కడం.

1960ల మధ్యదాకా చాలా అమెరికన్ బళ్లలో ఫస్టు గేరుకు సింక్రోమెష్ (తిరుగుతున్న గేరు పళ్ల వేగాలను కలిపే ఏర్పాటు) లేదు. బండి కదులుతుండగా ఫస్టు పడదు. మలుపు దగ్గర నెమ్మదిస్తే సెకండులోనే తిప్పాలి, లేదా పూర్తిగా ఆగాలి.

డ్రమ్‌బ్రేక్:
మూడుగేర్లు గారు బండి కదిలించడం చెప్పారు. ఆపడం దాదాపు వదిలేశారు, నా లెక్కన అసలు పాఠం అక్కడుంది.

ముందు సైగలు. ఎడమ చెయ్యి కిటికీలోంచి తిన్నగా చాపితే ఎడమకు, మోచేతి దగ్గర వంచి పైకెత్తితే కుడికి, కిందికి వాలిస్తే ఆగుతున్నట్టు. ఇండికేటర్లు 1939లో బ్యూక్‌తో వచ్చినా, స్కూలు బండికి ఉన్నా సరే, చేతి సైగలు నేర్పేవారు. ఇందులో చిక్కేమిటంటే, కుడి మలుపులో ఎడమ చెయ్యి బయట, కుడి చెయ్యి గేరు మీద పెట్టేస్తే స్టీరింగ్ పట్టుకునేవాడే లేడు. కాబట్టి వరస ఇలా: అద్దం చూడు, మలుపుకు వంద అడుగుల ముందు సైగ చెయ్యి, చెయ్యి లోపలికి తీసుకో, అప్పుడు గేరు మార్చు, అప్పుడు తిప్పు. పవర్ లేని స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగైదు చుట్లు. మలుపు మొదలయ్యాక ఒంటి చేత్తో ఆ పని కాదు.

బ్రేకులు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, పైగా నాలుగింటికీ ఒకే హైడ్రాలిక్ లైను (బ్రేకు నూనె పోయే గొట్టాల వరస). రెండు లైన్ల మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆ నూనెను నెట్టేది) అమెరికన్ కార్లలో 1967 మోడళ్ల నాటికిగాని మామూలు కాలేదు. ఎక్కడో ఒక గొట్టం కారితే పెడల్ నేలకు దిగిపోతుంది, ఒక్క చక్రానికీ బ్రేక్ పడదు. అలాంటప్పుడు చెయ్యాల్సింది ఆగివున్న బండిలో నోటికి వచ్చేదాకా చెప్పించేవారు: గబగబా పంపు కొట్టు, సెకండులోకి దించు, హ్యాండ్‌బ్రేక్ కొంచెం కొంచెంగా లాగు, చక్రాన్ని ఫుట్‌పాత్ అంచుకు రాసుకోనివ్వు.

హ్యాండ్‌బ్రేక్ విషయంలో ఒక మెలిక. అప్పటి క్రైస్లర్ కంపెనీ బళ్లలో అది వెనక చక్రాల మీద కాదు, గేరు బాక్సు వెనక డ్రైవ్‌షాఫ్ట్ మీద పడేది. వేగంలో ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు రెండూ బిగుసుకుపోతాయి. ఇంకో ప్రమాదం, వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపితే ఆ బ్రేక్ ఉన్నా లేనట్టే. లేచిన చక్రం డిఫరెన్షియల్ (రెండు చక్రాలూ వేర్వేరుగా తిరగనిచ్చే గేర్లు) ద్వారా వెనక్కి తిరుగుతుంది, నేల మీద ఉన్న చక్రం ముందుకు దొర్లుతుంది, బండి జాకీ మీంచి పడిపోతుంది. టైరు మార్చే పాఠంలో ఎదురు మూలనున్న చక్రానికి ముందూ వెనకా చెక్క అడ్డం పెట్టమనేది అందుకే.

నీళ్లలోంచి దాటాక డ్రమ్ముల్లో తడి చేరి బ్రేక్ పడదు, లేదా ఒక పక్కే పడి బండి లాగేస్తుంది. కొంతదూరం పెడల్‌ని తేలిగ్గా తొక్కి ఉంచితే వేడికి ఆరుతుంది. పెద్ద దిగుడులో వేడి ఎక్కువై డ్రమ్ము వ్యాకోచిస్తుంది, పెడల్ లోతుకు పోతుంది, ఆగడం తగ్గిపోతుంది. దిగుడు మొదలవకముందే సెకండులో వేసుకోవాలి, మధ్యలో వేగం అందుకున్నాక వెయ్యబోతే న్యూట్రల్‌లో చిక్కుకునే ప్రమాదం.

ఇంకా వాన. చాలా బళ్ల వైపర్లు ఇంజిన్ వాక్యూమ్‌తో, అంటే అది గాలి పీల్చే లాగుడుతో, తిరిగేవి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వాక్యూమ్ పడిపోయి వైపర్ ఆగిపోతుంది. అంటే లారీని దాటుతూ దాని నీళ్లు అద్దం మీద పడే క్షణంలోనే! కాలు ఒక్క క్షణం వదిలితే వైపర్ ఒక ఊపు ఊగుతుంది. కానీ అసలు నేర్పాల్సింది, వానలో రెండు లేన్ల రోడ్డు మీద లారీని దాటొద్దనే.

పాతరోడ్డు:
ఇద్దరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. ఆటోమేటిక్ బండిలో నేర్పితే ఈ బాధలన్నీ తప్పేవి కదా? ఆరు గంటలు నిజంగా సరిపోయేవా?

చాక్‌పీసు:
ఆటోమేటిక్‌లో క్లచ్ బాధ పోయి ఇంకో బాధ వచ్చేది. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబీల్‌తో వచ్చిన హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేరు బాక్సులో వరస న్యూట్రల్, డ్రైవ్, "లో" (తక్కువ వేగం గేరు), రివర్స్. పార్క్ (నిలిపిన బండిని కదలనివ్వని గడి) లేదు. ఇంజిన్ ఆపి రివర్స్‌లో వదిలేసేవారు. 1950 నుంచి వచ్చిన షెవర్లే పవర్‌గ్లైడ్‌లో పార్క్ ఉంది గాని రివర్స్ చివరన, "లో" పక్కనే. దిగుడులో "లో" వెయ్యబోయి ఒక గడి ఎక్కువ లాగితే రివర్స్. స్కూలు బండి ఒక రకం, ఇంట్లో నాన్న బండి ఇంకో రకం అయితే కుర్రాడి చెయ్యి పాత వరసకే పోతుంది. 1960ల చివర్లో ఫెడరల్ నిబంధన వచ్చాకే న్యూట్రల్ ఎప్పుడూ డ్రైవ్‌కీ రివర్స్‌కీ మధ్య ఉండాలన్నది స్థిరపడింది. కాబట్టి ప్రతి కొత్త బండిలోనూ బ్రేక్ తొక్కి, గడి పేరు కళ్లతో చదివి, పైకి అని, అప్పుడే కాలు తియ్యాలి.

ఆరు గంటల లెక్క చూడండి. పీరియడ్ 50 నిమిషాలు, ఎక్కడం దిగడం మార్చుకోవడం పోను 40. బండిలో ముగ్గురు పిల్లలుంటే ఒక్కొక్కడికి 13 నిమిషాలు. ఆరు గంటలు పూర్తి కావాలంటే దాదాపు 27 సార్లు ఎక్కాలి. గేర్లూ పార్కింగూ సగం తినేస్తాయి. రాత్రి నడపడం, హైవే మీద దాటడం చాలామందికి లైసెన్సు వచ్చాకే మొదలయ్యేవి. వెనక సీట్లో కూర్చున్న ఇద్దరినీ ఖాళీగా ఉంచకుండా "ఇప్పుడు ఏం చూశావు, వీధి చివర ఏముంది" అని అడిగే మాస్టారి దగ్గర ఆరు గంటలు పద్దెనిమిది అయ్యేవి. హెరాల్డ్ స్మిత్ అనే డ్రైవింగ్ శిక్షకుడు 1952లో మొదలుపెట్టిన పద్ధతి ఇలాంటి చూపు మీదే: దూరంగా చూడు, చుట్టూ అంతా పట్టించుకో, కళ్లు కదుపుతూ ఉండు, తప్పించుకునే దారి ఉంచుకో, అవతలివాడు నిన్ను చూశాడని రూఢి చేసుకో. నా దృష్టిలో గేరు పాఠాలకంటే ఇదే ప్రాణాలు కాపాడేది.

క్లాసులో చెప్పిన దూరాలు నమ్మించడానికి ఒక మంచి పరికరం ఉండేది. బంపరుకు రెండు చిన్న పిస్తోళ్ల లాంటివి బిగించేవారు. మాస్టారు మొదటిది పేలిస్తే రోడ్డు మీద రంగు మచ్చ పడుతుంది, అదే ఆగమని సంకేతం. కుర్రాడి కాలు బ్రేక్‌ను తాకగానే రెండోది పేలుతుంది. రెండు మచ్చల మధ్య టేపు పెట్టి కొలుస్తారు. అప్పటి లెక్కల్లో స్పందనకు ముప్పావు సెకను వేసేవారు, అంటే గంటకు 20 మైళ్ల వేగంలో 22 అడుగులు, 40లో 44, 60లో 66. బ్రేక్ పడ్డాక ఆగే దూరం అలా వరసగా పెరగదు. ఎండిన రోడ్డు మీద 20లో సుమారు 20 అడుగులైతే, 40లో 85, 60లో 190 దాటుతుంది.

ఇక్కడే ఆనాటి పాఠంలో ఒక లోపం. ముందు బండికి "ప్రతి పది మైళ్ల వేగానికీ ఒక కారు పొడవు" దూరం ఉంచమనేవారు. కారు పొడవు పదహారు పదిహేడు అడుగులు. లెక్కవేస్తే ఏ వేగంలోనైనా అది 1.1 సెకను మాత్రమే. ముప్పావు సెకను స్పందనకే పోతే మిగిలేది మూడో వంతు సెకను. ముందువాడు మామూలుగా బ్రేక్ వేస్తే సరిపోతుంది, దేన్నో గుద్దుకుని నిలబడిపోతే సరిపోదు. పైగా 60లో కారు పొడవులు ఆరు కళ్లతో కొలవడం ఎవరికీ చేతకాదు.

దాటడం కూడా అంకెల్లోనే చెప్పాలి. లారీ 40లో, మీరు 50లో. వెనక 50 అడుగులు, లారీ 45, ముందు 50, మీ బండి 17, మొత్తం 162 అడుగులు. తేడా పది మైళ్లే కాబట్టి 11 సెకన్లు పడుతుంది. ఆ లోపల మీరు 800 అడుగులు పోతారు, ఎదురుగా 50లో వచ్చేవాడూ 800 పోతాడు. అంటే రోడ్డు 1600 అడుగులు ఖాళీగా కనబడాలి. నల్లబల్ల మీద ఇది గీశాక, మైదానంలో 1600 అడుగుల దూరాన ఒక జెండా పాతి చూపించండి. అంత దూరమా అనుకోని పిల్లాడు ఉండడు.

ఒక దిద్దుబాటు కూడా. ఆగేటప్పుడు పిల్లలు బ్రేక్‌తోపాటే క్లచ్ తొక్కేస్తారు. డ్రమ్‌బ్రేక్ గారు చెప్పలేదు. వేగం 10 మైళ్లకు దిగేదాకా క్లచ్ ముట్టుకోకూడదు, ఇంజిన్ కూడా బండిని పట్టి ఆపుతుంది. మాస్టారి దగ్గర ఉన్న రెండో క్లచ్ పెడల్ కింద ఆయన పాదం అడ్డం పెడితే ఈ అలవాటు రెండు రోజుల్లో పోతుంది, పిల్లాడి పెడల్ దిగదు కాబట్టి.

డ్రమ్‌బ్రేక్:
క్లచ్ మాట ఒప్పుకుంటాను. జారుడు గురించి కూడా ఒక్క మాట. వెనక చక్రాలు ఎటు జారితే స్టీరింగ్ అటే తిప్పాలి, కాలు బ్రేక్ మీదికి పోకూడదు. తిప్పింది చాలని తెలిసేది బండి ముక్కు తిన్నబడినప్పుడు కాదు, తిన్నబడటం మొదలవగానే. అక్కడే వెనక్కి తిప్పకపోతే రెండో జారుడు అటువైపుకు, మొదటిదానికంటే పెద్దది.

మూడుగేర్లు:
పాతరోడ్డు గారూ, బొమ్మలు వేయించేటట్లయితే ఒకటి చూసుకోండి. 1954కు ముందు నాటి స్టాప్ గుర్తు ఎరుపు కాదు, పసుపు మీద నల్ల అక్షరాలు. ఎరుపు ఆ ఏడాది సవరణతో వచ్చింది, పాతవి మార్చడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. డిమ్మర్ స్విచ్ స్టీరింగ్ దగ్గర కాదు, నేల మీద ఎడమ కాలికి. అదే కాలు క్లచ్‌కీ కావాలి కాబట్టి రాత్రి ఎదురు బండి కనబడగానే ముందు డిమ్ కొట్టి, తరవాతే గేరు మార్చాలి.