తోడేలు సంకరం కరిచింది, పది రోజులు చూద్దామంటున్నారు. ఆగొచ్చా?

కొండమల్లి
అందరికీ నమస్కారం. గంట క్రితం పక్కింటివాళ్ళ జంతువు మావాడి ముంజేయి పట్టేసింది. కుక్కే అంటారు గానీ దాని తండ్రి తోడేలని వాళ్ళే గొప్పగా చెప్పుకుంటారు. మావాడికి తొమ్మిదేళ్ళు. రెండు పంటి గాట్లు పడ్డాయి, ఒకటి లోతుగా దిగింది. "ఏటా రేబిస్ ఇంజెక్షన్ వేయిస్తున్నాం, పది రోజులు చూద్దాం, దానికేం కాకపోతే పిల్లాడికి సూదులెందుకు" అంటున్నారు. ఆగొచ్చా? అసలు కుక్కల వ్యాక్సిన్ ఇలాంటి వాటికి పని చేస్తుందా? ఇంకోటి, ఈ వారం ఒక ముంగిస భయం లేకుండా మా కుక్క పక్కకి వస్తోంది. దాన్నేం చేయాలి?

గోరింట
ముందు గాయం కడిగారా? కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు, గడియారం చూసుకుని మరీ కడగండి. మా తమ్ముడికి నక్క కరిచినప్పుడు రెండు చెంబుల నీళ్ళు పోసి ఊరుకున్నాం. పైగా అక్కడున్న డాక్టర్ వెంటనే కుట్లు వేసేశారు. అలా వేయకూడదని తర్వాత ఇంకో డాక్టర్ చెప్పారు. వేయక తప్పదంటే ముందు గాయం చుట్టూ సీరం, అంటే వైరస్‌ని అప్పటికప్పుడు అడ్డుకునే యాంటీబాడీల మందు, ఎక్కించాలట. వాడు బాగానే ఉన్నాడు గానీ ఆ ఏడాదంతా మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు.

జాగిలం
నా దగ్గర తోడేలు సంకరం ఆరేళ్ళుగా ఉంది. ఒక్క డోసు తప్పలేదు. పది రోజుల పరిశీలన లోకమంతా పాటిస్తున్న పద్ధతే. తల్లి కంగారులో ఉంది, మీరు ఇంకా భయపెట్టకండి. జంతువు ఆరోగ్యంగా ఉంటే ఆగొచ్చు.

ల్యాబ్‌కోటు
ఆగకూడదు. ఆ పైమాట దయచేసి ఎవరూ పట్టించుకోకండి. జంతువుల మెదడు నమూనాలు పరీక్షించే పనిలో పద్నాలుగేళ్ళుగా ఉన్నాను. పది రోజుల లెక్క కుక్కకీ పిల్లికీ, ఆ తర్వాత పెంపుడు ఫెర్రెట్‌కీ (విదేశాల్లో పెంచుకునే, ముంగిసలా కనిపించే చిన్న జంతువు) మాత్రమే. జబ్బు బయటపడటానికి ఎన్ని రోజుల ముందు నుంచి లాలాజలంలో వైరస్ వస్తుందో వాటి విషయంలో పరీక్షలు చేసి తేల్చారు. తోడేలుకీ సంకరానికీ ఆ లెక్క ఎవరూ తేల్చలేదు. పదో రోజున అది హుషారుగా తిరుగుతున్నా పిల్లాడి విషయంలో దానికి అర్థమేమీ లేదు. కొండమల్లి గారూ, ఈ రాత్రికే బయల్దేరండి.

జాగిలం
కుక్కా తోడేలూ ఒకే జాతి అని చిన్నపిల్లలకి కూడా తెలుసు. వాటికి పుట్టిన పిల్లలు మళ్ళీ పిల్లల్ని కంటాయి. అలాంటప్పుడు వ్యాక్సిన్ ఒకదానికి పనిచేసి ఇంకోదానికి ఎందుకు పనిచేయదు? చదువుకున్నవాళ్ళు ఆ ఒక్కటీ చెప్పరు.

ల్యాబ్‌కోటు
పనిచేయదని నేను అనలేదు, రుజువు లేదన్నాను. రెండూ ఒకటి కాదు. అమెరికాలో సంకరాలకు అనుమతి పొందిన రేబిస్ ఇంజెక్షన్ లేదు. డాక్టర్ వేస్తే వేయొచ్చు, నిజంగా కాపాడనూ వచ్చు. కానీ ఎవరినైనా కరిచాక, వ్యాక్సిన్ వేసిన కుక్కతో సమానంగా దాన్ని చూడరు. ఫెర్రెట్‌నీ ఒకప్పుడు అలాగే చూసేవారు. పరీక్షలు జరిగాయి, 1990లో దానికి వ్యాక్సిన్ అనుమతి వచ్చింది, పరిశీలన నియమం ఆ తర్వాత వచ్చింది. అదీ వరస. ఇంకో సంగతి, బతికున్న వైరస్‌ని బలహీనపరిచి చేసిన పాత వ్యాక్సిన్లు అడవి జంతువులకు వేస్తే, కొన్నిటికి ఆ వ్యాక్సిన్ వల్లే రేబిస్ వచ్చింది. కుక్కకి సరిపడింది కాబట్టి అన్నిటికీ సరిపడుతుందనడం అందుకే తప్పు.

జాగిలం
అంటే కరిచిన ప్రతి సంకరాన్నీ చంపి తల కోయమంటారా? సూటిగా చెప్పండి. నాది నా కూతురి మంచం పక్కన పడుకుంటుంది.

ల్యాబ్‌కోటు
చాలాచోట్ల అధికారులు ఆ నిర్ణయమే తీసుకుంటారు. నాకూ బాధే. కానీ బతికున్న జంతువు రక్తం తీసి రేబిస్ లేదని తేల్చలేం, మెదడే చూడాలి. ఒకసారి మాకు ఒక సంచీ వచ్చింది. కరిచిన జంతువుని కోపంతో తలమీదే కొట్టారు. పుర్రె ముక్కలు, మట్టి, వెంట్రుకలు, అన్నీ కలిసిపోయాయి. మెదడు కాండమూ చిన్న మెదడూ దొరికితేగానీ ఫలితం చెప్పలేం. అవి దొరకలేదు. కాటు పడిన పిల్ల తండ్రి గంటగంటకీ ఫోన్ చేస్తూనే ఉన్నాడు, నా దగ్గర జవాబు లేదు. అందుకే తలకి దెబ్బ తగలనీయొద్దని, ఐసులో చల్లగా ఉంచాలి గానీ గడ్డకట్టించొద్దని పదేపదే చెప్తుంటాను. పెంచేవాళ్ళకి నా మాట ఒక్కటే, అది మనిషిని కరిచే పరిస్థితి రాకుండా చూసుకోండి. కరిచాక మీ చేతిలో ఏమీ ఉండదు.

పెరటితోట
ముంగిస గురించి ఎవరూ మాట్లాడరేం? బోను పెట్టి పట్టుకుని దూరంగా అడవిలో వదిలేస్తే సరి. నేను రెండు సార్లు అలాగే చేశాను.

అడవిబాట
దయచేసి ఆ పని ఎవరూ చేయకండి! ఇరవై ఏళ్ళుగా గాయపడ్డ అడవి జంతువుల్ని చేరదీస్తున్నాను, నాకన్నా ఎక్కువగా వీటిని పట్టుకున్నవాళ్ళు ఇక్కడ ఉండరు. అమెరికాలో వేటగాళ్ళు ఫ్లోరిడా నుంచి రకూన్లనే చిన్న అడవి జంతువుల్ని తెచ్చి వర్జీనియా, వెస్ట్ వర్జీనియా వైపు వదిలారు. వాటితోపాటు జబ్బూ వెళ్ళింది. 1977లో అక్కడ బయటపడి తూర్పు తీరమంతా పాకింది. మీ పెరట్లోని కష్టాన్ని ఇంకొకరి పెరట్లో పెట్టి రావడమే ఇది. నాకైతే ముందే డోసులు పడ్డాయి కాబట్టి ఏది కరిచినా తుడుచుకుని పనిలో పడతాను, అది వేరే సంగతి.

గోరింట
వేరే సంగతి కాదు అన్నా, అదే అసలు సంగతి. ముందే డోసులు పడినవాళ్ళయినా కరిస్తే గాయం కడుక్కుని మళ్ళీ రెండు డోసులు వేయించుకోవాలి, ఆ రోజొకటి, మూడో రోజొకటి. సీరం ఒక్కటే అక్కర్లేదు. ఇన్నేళ్ళ అనుభవం ఉన్న మీరే ఇలా రాస్తే కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు అదే నేర్చుకుంటారు.

అడవిబాట
నాకు పాఠాలు వద్దు. ఇరవై ఏళ్ళలో నాకేం కాలేదు.

నల్లరేగడి
నాకూ ఏం కాలేదు, కానీ అది నా గొప్ప కాదు. రోడ్డు పక్కన దొరికిన నక్కపిల్ల ఒకటి నోరు తెరుచుకునే ఉంది, దవడ వేలాడుతోంది, తీగలా చొంగ. గొంతులో ఎముక ఇరుక్కుందనుకున్నాను. చూపుడువేలు లోపల పెట్టి నాలుక కింద వెతికాను. అది కరవలేదు, గుర్రుమనలేదు, మింగడానికి ప్రయత్నిస్తూ నా కళ్ళలోకి చూసింది. మర్నాటికి చచ్చిపోయింది. పరీక్షలో పాజిటివ్. నా గోరు పక్కన చర్మం చీలి ఉంది. పిచ్చెక్కితే మీద పడుతుందనే అందరూ అనుకుంటారు, ఇలా నీరసంగా ఒళ్ళో పడుకునేవీ ఉంటాయి. పిల్లలకి ఇది చెప్పండి.

శ్రావణమేఘం
అడవి జంతువుల్నే దోషుల్ని చేస్తున్నారు, నాకు కడుపు మండిపోతోంది. రేబిస్‌తో పోయే మనుషుల్లో దాదాపు 99 శాతం మందికి అది కుక్కల వల్లే వస్తోంది. ఇథియోపియాలో బేల్ పర్వతాల తోడేళ్ళు ప్రపంచంలో మిగిలినవే కొన్ని వందలు. 1990ల మొదట్లో, మళ్ళీ 2003లో కుక్కల నుంచి అంటుకుని కుప్పలుగా చచ్చాయి. చంపడం వల్ల చాలాచోట్ల జబ్బు పోలేదు. స్విట్జర్లాండ్‌లో నక్కల్ని ఏళ్ళ తరబడి చంపి విసిగిపోయారు. 1978లో కోడి తలల్లో వ్యాక్సిన్ పెట్టి రోన్ లోయలో చల్లారు, తిన్న నక్కలకు రోగం రాలేదు, పై లోయకి పాకడం ఆగింది. 1999కల్లా ఆ దేశం రేబిస్ లేనిదైంది.

పెరటితోట
అయితే ముంగిసలకీ కోడి తలలు వేయొచ్చా?

ల్యాబ్‌కోటు
ఇంట్లో చేసుకునే పని కాదండీ. ఏ జంతువుకి ఏ ఎర, ఎంత మోతాదు, ఎన్నిసార్లు అన్నది ప్రభుత్వ సిబ్బంది చూసుకుంటారు.

కొండమల్లి
రాత్రే వెళ్ళొచ్చాం. ఇరవై నిమిషాలు కడిగాను, వాడు ఏడుస్తూనే చేయి చాచి ఉంచాడు. గాయం చుట్టూ సీరం, భుజానికి మొదటి డోసు ఇచ్చారు. అడవి జంతువు కాటుగానే రాసుకున్నారు. పక్కింటివాళ్ళు మాట్లాడటం మానేశారు, ఫర్వాలేదు. కానీ ముంగిస మాట ఎవరూ తేల్చలేదు. ఇప్పుడే చూశాను, గోడకి ఒరుసుకుంటూ నడుస్తోంది, వెనక కాళ్ళు ఈడుస్తోంది. మా కుక్క మొరిగినా పారిపోవడం లేదు.

నల్లరేగడి
కుక్కని వెంటనే లోపలికి లాక్కోండి. మీరు దగ్గరికెళ్ళొద్దు, కర్రతో కూడా ముట్టుకోవద్దు. అటవీ సిబ్బందికి ఫోన్ చేయండి. అది కుక్కని ముట్టుకుందేమో అన్న అనుమానం చాలు, డోసులన్నీ వేయించినదైనా ఈరోజే ఇంకో డోసు వేయించండి.

ల్యాబ్‌కోటు
కుక్క ఒంటిమీద గాట్లున్నాయేమో చూడండి, చేతికి గ్లౌజులు వేసుకుని. మూతి, చెవులు, ముందు కాళ్ళు. బొచ్చు పక్కకి తీసి చూడాలి.

కొండమల్లి
ఫోన్ చేశాను, బయల్దేరారట. కుక్క లోపలే ఉంది. ఎడమ చెవి వెనక చిన్న గీత కనిపిస్తోంది, ఎండిన రక్తం. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను.