సోలార్ ప్లేటు వోల్టేజి చూపుతోంది, మోటారు మాత్రం తిరగడం లేదు: పిల్లలకు ఎలా వివరించాలి?

ప్రశ్న (భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు, దేవరకొండ)

సభ్యులందరికీ నమస్కారం. పదో తరగతి వారికి విద్యుత్ ప్రవాహం పాఠం పూర్తయినందున, సౌర ఘటాల మీద పిల్లల చేతనే ప్రయోగాలు చేయించాలని 6 వోల్టులు, 1 వాట్ అని రాసి ఉన్న చిన్న సోలార్ ప్లేట్లు, బొమ్మ కార్లలో వాడే మోటార్లు, ఒక డిజిటల్ మల్టీమీటరు తెప్పించాను. తరగతి గదిలో ట్యూబులైటు కింద ప్లేటును పెట్టి చూస్తే మీటరులో 4 వోల్టులకు దగ్గరగా కనిపిస్తోంది, కానీ మోటారును కలిపితే కదలడం లేదు. రెండు పెన్సిల్ సెల్లులకు, అంటే 3 వోల్టులకే తిరిగే మోటారు 4 వోల్టులకు ఎందుకు తిరగదని ఒక విద్యార్థిని అడిగింది. ప్లేటు చెడిపోయిందని అనుకోవాలా? మరొక సందేహం కూడా ఉంది. పూల రంగుతో సౌర ఘటం తయారు చేసే వీడియోలు చూసిన పిల్లలు విజ్ఞాన ప్రదర్శనకు అదే చేద్దామంటున్నారు. అది మన బడిలో సాధ్యమేనా?

జవాబు (విశ్రాంత అధ్యాపకుడు, నల్లగొండ)

మేడం గారికి నమస్కారం. మీ ప్లేటు బాగానే ఉంది. ఆ విద్యార్థిని అడిగిన ప్రశ్నే ఈ పాఠానికి అసలైన ప్రవేశం కనుక, దానికి మీరు నోటితో జవాబు చెప్పకుండా మీటరు చేత చెప్పించండి.

ఏమీ కలపని ప్లేటు కొసల మధ్య మీటరు చూపేది పొటెన్షియల్ భేదం మాత్రమే. సిలికాన్ ఘటం ఒక్కొక్కటి ఎండలో 0.5 నుంచి 0.6 వోల్టుల దాకా ఇస్తుంది. 6 వోల్టుల ప్లేటులో సాధారణంగా అలాంటివి 12 పట్టీలు శ్రేణిలో ఉంటాయి. వెలుతురు తగ్గినప్పుడు ఈ వోల్టేజి నెమ్మదిగా తగ్గుతుంది, కానీ విద్యుత్ ప్రవాహం వెలుతురుతో పాటు అదే నిష్పత్తిలో పడిపోతుంది. మధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్స్ (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటే, ట్యూబులైట్ల గదిలో బల్ల మీద పడే వెలుతురు కొన్ని వందల లక్స్ మించదు. పైగా నేటి ఎల్ఈడీ ట్యూబుల కాంతిలో పరారుణ కిరణాలు దాదాపు ఉండవు. సిలికాన్‌కు అవి కూడా పనికివచ్చేవే. అందువల్ల ఎండలో 150 మిల్లీఆంపియర్లకు పైగా ఇచ్చే మీ ప్లేటు గదిలో ఒక్క మిల్లీఆంపియరు కూడా ఇవ్వలేదు. పెన్సిల్ సెల్లు ఆ మోటారుకు కావలసినంత ప్రవాహాన్ని గదిలోనైనా ఇవ్వగలదు.

కాబట్టి మొదటి ప్రయోగం ఇలా పెట్టండి. గదిలో, వరండాలో, చెట్టు నీడలో, ఆరుబయట ఎండలో ప్రతిచోటా రెండు కొలతలు తీయించండి. ఒకటి వోల్టేజి. రెండవది, మీటరును మిల్లీఆంపియర్ల స్థానానికి మార్చి రెండు తీగలనూ నేరుగా ప్లేటు కొసలకు కలిపితే వచ్చే ప్రవాహం. వోల్టేజి గడిలో అంకెలు దగ్గరదగ్గరగానే ఉండి, ప్రవాహం గడిలో అంకెలు వందల రెట్లు మారిపోవడం పిల్లలు స్వయంగా రాసుకుంటారు. దీని తరువాత మోటారు గురించి మీరు వేరుగా చెప్పవలసింది ఏమీ ఉండదు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ప్లేటు ఇచ్చే ప్రవాహానికి వెలుతురే హద్దు కనుక దానిని ఇలా షార్ట్ చేసి కొలిచినా ప్రమాదం లేదు. అదే పద్ధతిలో బ్యాటరీకి గానీ గోడలోని ప్లగ్గుకు గానీ మీటరు తీగలు ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు. ఈ తేడాను ప్రయోగానికి ముందే, పిల్లల చేత పలికించి మరీ చెప్పండి.

రెండవ ప్రయోగం వాలు గురించి. పరీక్ష అట్ట మీద ప్లేటును అతికించి, పక్కన ఒక అగ్గిపుల్లను అట్టకు నిట్టనిలువుగా నిలపండి. పుల్ల నీడ పూర్తిగా మాయమైనప్పుడు ప్లేటు సూర్యునికి సరిగ్గా ఎదురుగా ఉన్నట్టు. సూర్యుని వైపు కళ్లెత్తి చూడవలసిన అవసరమే రాదు. అక్కడి నుంచి కోణమానిని సాయంతో 30, 60 డిగ్రీలు వంచితే ప్రవాహం దాదాపు 87 శాతానికి, తరువాత సగానికి తగ్గాలి. పదో తరగతిలో నేర్చుకున్న కొసైను విలువలు ఇవే కనుక గణితం ఉపాధ్యాయులను కూడా పిలవండి. 90 డిగ్రీల వద్ద లెక్క ప్రకారం సున్నా రావాలి, కానీ రాదు. ఆకాశం నుంచి చెదిరి వచ్చే వెలుతురు ఉంటుంది కదా! ఆ సున్నా ఎందుకు రాలేదన్నది మంచి పరీక్ష ప్రశ్న.

పూల రంగు ఘటానికి విద్యుత్తును ప్రసరింపజేసే పూత ఉన్న గాజు పలకలు, సుమారు 450 డిగ్రీల సెల్సియస్‌లో కాల్చిన టైటానియం డయాక్సైడు పొర, అయోడిన్ ద్రావణం కావాలి. ఇంత చేసినా వచ్చేది అతి స్వల్ప ప్రవాహం. నేనైతే ఆ ఖర్చు పెట్టించను. అదే ముచ్చట తీరాలంటే, పారదర్శకమైన ఎర్ర ఎల్ఈడీ ఒకదానిని ఎండలో మీటరుకు కలపండి. కాంతినిచ్చే ఆ దీపమే కాంతి పడితే ఒక వోల్టుకు పైగా చూపిస్తుంది, ప్రవాహం మాత్రం మైక్రోఆంపియర్లలోనే ఉంటుంది. ఎల్ఈడీ, సౌర ఘటం రెండూ పి, ఎన్ అనే రెండు రకాల అర్ధవాహకాలు (సిలికాన్ వంటి పదార్థాలు) కలిసే సంధులేనని చెప్పడానికి ఇంతకన్నా చవకైన సాధనం నాకు తెలియదు.

మళ్లీ ప్రశ్న (దేవరకొండ)

ధన్యవాదాలు సార్. మీరు చెప్పిన కొలతలు తీయించాము, మోటారు కూడా ఎండలో తిరిగింది. అయితే ఉదయం ప్రార్థన కాగానే చూసిన వోల్టేజి కన్నా, మధ్యాహ్న భోజనం తరువాత మండుటెండలో చూసినది అర వోల్టు దాకా తక్కువగా ఉంది. ఎండ పెరిగితే వోల్టేజి తగ్గుతుందా అని పిల్లలు పట్టుబట్టి అడుగుతున్నారు.

జవాబు (విశ్రాంత అధ్యాపకుడు, నల్లగొండ)

తగ్గించినది ఎండ కాదు, వేడి. సిలికాన్ ఘటం వేడెక్కే కొద్దీ డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు కోల్పోతుంది. 12 పట్టీలున్న ప్లేటు 30 డిగ్రీలు వేడెక్కితే 0.7 వోల్టులు పోయినట్టే. నమ్మకం కుదరాలంటే ప్లేటును ఎండలోనే ఉంచి, వెనుక వైపు తడిగుడ్డ అద్ది మీటరును చూడమనండి. ప్రవాహం దాదాపు అలాగే ఉండి వోల్టేజి మెల్లగా ఎక్కుతుంది. మన పాలమూరు, నల్లగొండ ఎండలు సౌర విద్యుత్తుకు వరమే అయినా, ఆ వేడి వల్ల కొంత దిగుబడి పోతుందన్న సంగతి పిల్లలకు ఇలా తెలుస్తుంది.

జవాబు (సోలార్ పంపుసెట్లు బిగించే సాంకేతిక నిపుణుడు, అచ్చంపేట)

పెద్దలు చెప్పినదానికి నా అనుభవం నుంచి ఒక ప్రయోగం చేరుస్తాను. ప్లేటులో ఒకే ఒక్క పట్టీని నల్ల కాగితంతో పూర్తిగా కప్పి ప్రవాహం కొలవండి. ఆ తరువాత అదే కాగితాన్ని అడ్డంగా తిప్పి, అన్ని పట్టీల మీదా కొంచెం కొంచెంగా పడేటట్టు కప్పండి. కప్పిన వైశాల్యం అంతే అయినా, మొదటిసారి ప్రవాహం దాదాపు ఆగిపోతుంది, రెండవసారి కొద్దిగానే తగ్గుతుంది. శ్రేణిలో ఒకటి మూసుకుపోతే మిగిలినవన్నీ నిలిచిపోతాయి. రైతులు పంపు సరిగా పోయడం లేదని పిలిచిన చోట చాలాసార్లు కనిపించేది పక్కన పెరిగిన వేపకొమ్మ నీడే. ఆ చోట వోల్టేజి మాత్రమే చూసి అంతా బాగుందని వెళ్లిపోయేవారు కూడా ఉన్నారు.

పిల్లలను పొలంలోని పలకల దగ్గరకు తీసుకువెళ్తే దూరం నుంచే చూపించండి. అక్కడ వరుసగా కలిపిన పలకల మధ్య వందల వోల్టుల డీసీ ఉంటుంది. ఎండ ఉన్నంతసేపు దానిని ఆపే మీట పలకల దగ్గర ఉండదు.

జవాబు (విశ్రాంత అధ్యాపకుడు, నల్లగొండ)

విజ్ఞాన ప్రదర్శనకు ఏం చేయాలన్న మాట మిగిలిపోయింది. 1954 ఏప్రిల్ 25న అమెరికాలోని బెల్ ప్రయోగశాల వారు తమ సిలికాన్ ఘటాన్ని లోకానికి చూపినప్పుడు దానితో తిప్పినది ఒక చిన్న బొమ్మ రంగులరాట్నాన్ని. ఆ ఘటం సామర్థ్యం, అంటే మీద పడిన ఎండలో విద్యుత్తుగా మారే భాగం, 6 శాతం. మీ మోటారుకు అట్ట చక్రం బిగిస్తే అదే బొమ్మ సిద్ధమవుతుంది. పక్కనే మీ ప్లేటు సామర్థ్యం లెక్క కూడా పెట్టించండి. ప్లేటు పొడవు వెడల్పులు 11, 6 సెంటీమీటర్లు అనుకుంటే, చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండలో దాని మీద పడేది 6.6 వాట్లు, ప్లేటు ఇస్తానని రాసి ఉన్నది 1 వాట్. భాగహారం పిల్లలే చేస్తారు.

ప్రదర్శన లోపల హాలులో అయితే పాత ఫిలమెంటు బల్బు ఒకటి తీసుకువెళ్లండి. అది పరారుణ కాంతిని దండిగా ఇస్తుంది కనుక దగ్గరగా పెడితే కొంత ప్రవాహం వస్తుంది, కానీ ప్లేటు వేడెక్కకుండా మధ్యమధ్య ఆర్పుతూ ఉండాలి. దానితోనూ మోటారు కదలకపోతే బల్లను కిటికీ పక్కకు, ఎండ పడే చోటికి మార్చమని నిర్వాహకులను ముందే అడగండి.